మైనం కరగకముందే

మొన్న మధ్యాహ్నం ఫర్వానియాలో మా వీధికి గంటన్నర కరెంటు పోయింది. చీకటికి పనికొస్తుందని ఫ్రిజ్ మీద నిలబెట్టుకున్న కొవ్వొత్తి, ఎవరూ వెలిగించకుండానే, నడుము వంచి నాకు దణ్ణం పెట్టింది. గదిలో వాళ్లంతా ఫోటోలు తీసుకున్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాను. మైనాన్ని అలా నొక్కి చూడటం నాకు ఒక మనిషి నేర్పింది.

కువైట్ దేశంలో నీలిమందు తొట్టి పెట్టిన మొదటివాణ్ణి నేనే. కొండల్లోంచి వచ్చిన ఒక చైనా ఆవిడకు అద్దకం నేర్పిందీ నేనే.

ఇంతవరకు ఈ కథ మా గదిలో ఇలాగే చెబుతూ వచ్చాను. వంగిన కొవ్వొత్తి చేతిలో ఉండగా మాత్రం ఆ మాట ముందుకు సాగడం లేదు. తొట్టి ఆమెది. చెయ్యి ఆమెది. నేను బకెట్లు మోశాను. నిండు బకెట్లు కూడా కాదు, సగం బకెట్లు.

ఆమె పేరు రాయను. పరాయి ఆడమనిషి పేరు కాగితానికి ఎక్కించడం ఎందుకని, మర్యాదకు. అదీ నిజం కాదు. ఎన్నిసార్లు చెప్పినా నా నాలుక తిరగలేదు. నేను తప్పుగా పలికినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టు ఆమె కళ్లు మూసుకునేది. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. నేను చెల్లెమ్మా అన్నాను, ఆమె బాబా అంది.

నేను వ్యానులో కూరగాయలు వేస్తాను. ఊరికి దూరంగా ఇళ్లు కడుతున్న ఒక చైనా కంపెనీ క్యాంపుకు కూడా వేసేవాణ్ణి. మూడొందల మంది పనివాళ్లకు వండే వంటగదిలో ఆమె ఒక వంటమనిషి. యాభై దాటిన మనిషి, పొట్టి, గట్టి. మొదటి రోజే కొత్తిమీర కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని, "బర్రా!" అంది. బయట పారెయ్ అని.

"ఏందమ్మా చీనామ్మా, పొద్దున్నే కోసింది గదా, ఇంగేం కావల్ల నీకు?" అన్నాను.

తెలుగు ఆమెకు అర్థం కాలేదు, చీనా అన్నది అర్థమైంది. కత్తి పక్కన పెట్టింది. తడిచెయ్యి తుడుచుకుంది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, "చీనా, జేన్," అంది. చీనా మంచిదే అని. ఆ తర్వాత అదే అరచేతితో గుండెను రెండుసార్లు తట్టి, "బుయీ," అంది.

జేబులోంచి ఫోను తీసి దానికేదో చెప్పింది. అది ఆడగొంతుతో, పాఠం అప్పజెప్పినట్టు, తెలుగులో పలికింది. "నేను బుయీ జాతి స్త్రీని. మా కొండలు చైనా నైరుతి దిక్కున ఉన్నాయి. మా భాష వేరు."

"అట్లయితే మీ బాసలోనే చెప్పు దానికి," అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫోన్, బుయీ మాఫీ." ఫోనుకు చైనా భాష వచ్చు, ఆమె భాష లేదు. క్యాంపులో మూడొందల మంది చైనావాళ్లు. వేలొకటి పైకెత్తి చూపించింది. "బుయీ, వాహిద్." ఒక్కరే.

ముప్పై ఏళ్లుగా మా కఫీల్, నాకు వీసా ఇచ్చిన అరబ్బు, నన్ను "యా హిందీ", ఓ ఇండియావాడా, అనే పిలుస్తాడు. ఆమెను చూశాక నాకూ పౌరుషం వచ్చింది. మిష్రిఫ్‌లో ఆయన ఇంటికి పోయి, గుండె మీద చెయ్యి వేసుకుని, "హిందీ జేన్. తెలుగు. కడప," అన్నాను. ఆయన అంతా విని, "జేన్ యా హిందీ, ఉల్లిగడ్డలు లోపల పెట్టు, యల్లా," అన్నాడు. నేను ఉల్లిగడ్డలు లోపల పెట్టాను. ఆమె అయితే బయటే నిలబడేది, ఆయన కడప అనేదాకా.

ఆమె పొద్దున్నే నూనెడబ్బాకు ఫోను ఆనించి, క్యాబేజీ తరుగుతూ వాళ్లమ్మతో మాట్లాడేది. అటువైపు ఫోనులో ఎప్పుడూ వాళ్లమ్మ నుదురూ, ఇంటి కప్పూ మాత్రమే కనిపించేవి. ఆ కప్పు చూసి నేను ఆగిపోయాను. పలచటి రాతిబండలు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. "ఇవి మా కడప బండలే! ఎప్పుడెత్తుకపోయినారు మీరు?" ఫోను ఆ మాటను ఎలా తిప్పి చెప్పిందో గానీ తల్లీ కూతుళ్లిద్దరూ పడీపడీ నవ్వారు. మనుషులు నవ్వితే నేను ఆగలేను. మా ఇంటికి నలభై గదులన్నాను. (రెండు. ఒకటి మేకలకు.) వాళ్లమ్మ తొడుక్కున్న నీలం రైక చూసి, మా తాత నీలిమందు తొట్లకు పెద్దమేస్త్రి అన్నాను. మా ఊరి బయట దొరల కాలంనాటి నీలిమందు తొట్టి ఒకటి పాడుబడి ఉన్న మాట నిజమే. వాన పడితే మా తాత అందులో మేకలకు నీళ్లు తాపేవాడు. మా వంశానికీ నీలానికీ ఉన్న సంబంధం అంతే.

చలికాలంలో ఒక పొద్దున నూనెడబ్బా దగ్గర ఫోను లేదు. క్యాబేజీ మాత్రం తరుగుతూనే ఉంది. నేను అడగలేదు. ఆమే వేలితో నుదురు చూపించి, పైకి చూపించి, "ఖలాస్," అంది. ఆమెకు టికెట్ దొరికేలోపే అక్కడ అన్నీ అయిపోయాయి.

జనవరిలో సెలవు నుంచి తిరిగొచ్చిన పనివాడొకడు ఆమెకు ఊరి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. వంటగది వెనక, పిండిబస్తాల మీద, దాన్ని నా ముందు విప్పింది. తెల్లటి నేతబట్ట, నాలుగు మూరలు. దానిమీద తేనెరంగు మైనంతో గీతలు. సుడులు, వంకీలు తిరిగిన చిగుళ్లు, మూలల్లో చేపలు. ఒక్క గీత కూడా తడబడలేదు. వాళ్లమ్మ గీసింది. అద్దకం వెయ్యకముందే పోయింది.

మైనం ఉన్నచోట నీలం అంటదు. అద్ది, ఆ తర్వాత ఉడకబెట్టి మైనం తీసేస్తే గీత తెల్లగా మిగులుతుంది. అద్దకపోతే అది ఉత్త మైనమే. ఆమె నా బొటనవేలు పట్టుకుని గీత మీద మెల్లగా ఆనించింది. గట్టిగా ఉంది. ఆకాశంలోకి చూపించి, ఐదు వేళ్లు ఎత్తి, "మే," అంది. రెండు చేతులూ నీళ్లలా కిందికి జార్చింది. ఎండలొస్తే అమ్మ చేతి గీతలన్నీ కారిపోతాయి.

"ఫ్రిజ్‌లో పెట్టు," అన్నాను. అప్పడం విరిచినట్టు వేళ్లు విరిచి చూపించింది. చలికి పగులుతుంది. "ఊరికి పంపు," అన్నాను. ఫోను చెప్పింది. "మా ఊరిలో ఇప్పుడు తొట్టి పెట్టేవారు లేరు. నా అన్న దీన్ని ఉడకబెట్టి దుప్పటి చేసుకుంటాడు. అమ్మ నన్ను తొట్టి దగ్గర కూర్చోమని ప్రతి ఏడూ పిలిచింది. నేను తర్వాత వస్తానన్నాను." ఆమెకు ఆగస్టు దాకా ఊరికి పోయే వీలు లేదు. ఫోను జేబులో పెట్టి, పిండి అంటిన వేలితో నా గుండె మీద పొడిచింది. "బాబా. తాత. నీలం."

మా తాత మేకల సంగతి చెప్పాల్సిన సమయం అదే. చెప్పలేదు. "చేద్దాం లేమ్మా, అదెంతసేపు," అన్నాను.

వాళ్ల ఊళ్లో తొట్టికి నీలిముద్ద, బూడిదనీళ్లు, పులిసే తొట్టికి ఆకలి తీరడానికి బియ్యపు సారా పోస్తారట. "సారా అంటే ఈడ జైలు. జైలు కూడు తినేదానికి రాలేదు తల్లీ నేను," అని రెండు మణికట్లూ కలిపి చూపించాను. ఆమె ఒక వారం ఆలోచించింది. మరుసటి వారం నేను ఖర్జూరాల పెట్టె దింపుతుంటే ఒకటి నోట్లో వేసుకుని, నములుతూ ఆగిపోయింది. ఫోను చెప్పింది. "తొట్టికి కావలసింది మత్తు కాదు. తీపి." ఖర్జూరం కనిపెట్టింది నేనేనని గదిలో చెప్పాను. కాదు. పెట్టె దింపాను.

నీలం నేను తెస్తానన్నాను. తెచ్చాను. నేను తలకు వేసుకునే నీలాకు పొడి. నా జుట్టు నలుపు పుట్టుకతో వచ్చిందని ఫర్వానియాలో చాలామంది నమ్మకం. సీసాలో కలిపి గుడ్డపీలిక ముంచితే గడ్డివాము రంగుకు వచ్చింది. ఆమె పీలికను చూసింది, నా తలను చూసింది, మళ్లీ పీలికను చూసింది. "తాత జేన్. బాబా జేన్ మాఫీ," అంది. తాత మంచివాడే, నేనే పనికిరానని.

రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసే మా మేనకోడలు అప్పుడు సెలవుకు రాజంపేట పోయి ఉంది. కాళహస్తిలో అద్దకంవాళ్ల దగ్గర అసలైన నీలిమందు బిళ్లలు కొనిపించి, కందిపొడి డబ్బాలో పెట్టి తెప్పించాను. తొట్టికి క్యాంపులో ఒప్పుకోరు. మా బిల్డింగు మిద్దె మీద, నీళ్లట్యాంకుల నీడలో, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాం. ఖర్జూరాలు ఉడికించిన నీళ్లు, కిళ్లీకొట్టు సున్నం, నూరిన నీలిమందు. మొదటిసారి సున్నం ఎక్కువై తొట్టి చచ్చింది. రెండోసారి చలికి లేవలేదు. ఆమె రెండుసార్లూ పారబోసి, డ్రమ్ము కడిగి, బోర్లించి, "యల్లా, బాబా," అంది, మళ్లీ కానియ్ అని. అంతకుమించి ఏడుపూ లేదు, నిట్టూర్పూ లేదు. మూడోసారి పైన రాగిరంగు తెట్టు కట్టింది, నీలం నురగ లేచింది. ఆమె డ్రమ్ము అంచు పట్టుకుని లోపలికి వంగి, చాలాసేపు వాళ్ల భాషలో మాట్లాడింది.

ఆమెకు శుక్రవారాలు నాలుగు గంటలే సెలవు. మిగతా రోజులు చూసుకోవాల్సింది నేను. ప్రతి పొద్దునా వీడియో కాల్ చేసేది. అటు నూనెడబ్బాకు ఆనించిన ఫోను, తరుగుతున్న క్యాబేజీ. ఇటు నేను ఫోనును డ్రమ్ము మీద పట్టుకోవాలి. ఆమె మాట్లాడేది నాతో కాదు, తొట్టితో. కువైట్ మొత్తంలో ఆమె భాష వినే చోటు అదొక్కటే మిగిలింది. చెయ్యి నొప్పి పుట్టేది. ఒక్కరోజు కూడా తప్పించలేదు. ఇందులో అబద్ధం లేదు.

మా గదిలో సత్తిబాబు అని కోనసీమ వాడొకడు, ఏసీ మెకానిక్. వాడికి భయం పట్టుకుంది. "బాబాయ్ గారూ, ఖర్జూరం పులిసిన వాసనండి. మూతెట్టిన డ్రమ్మండి. పోలీసోళ్లొచ్చి సారా అంటే, నీలమండి అంటే నమ్ముతారంటారా? డ్రమ్ము పక్కనున్నోడికి కూడా ఇమానం టికెట్టేనండి, ఆయ్."

వాడన్నట్టే ఒక శుక్రవారం బిల్డింగు వాచ్‌మన్, ఈజిప్టు అతను, ముక్కు పట్టుకుని పైకి వచ్చాడు. "షరాబ్!" అని అరిచాడు. నేను అంతకన్నా గట్టిగా అరిచాను. సత్తిబాబు ట్యాంకు వెనక్కి పోయాడు. ఆమె మా ఇద్దరి మధ్యకు వచ్చి పెదవుల మీద వేలు పెట్టుకుంది. తొట్టి దగ్గర పోట్లాడకూడదట, అలుగుతుందట. ఆ తర్వాత అతని భుజం మీది తెల్ల తువ్వాలు లాక్కుని, అంచు ముంచి, పిండి, అతని చేతుల్లోనే పెట్టింది. పసుపుపచ్చగా వచ్చిన అంచు గాలికి ఆకుపచ్చయి, అతను చూస్తుండగానే నీలంగా మారింది. "సుబ్‌హానల్లా," అన్నాడు. "చీనా మేజిక్!"

ఆమె అరచెయ్యి గుండె మీద పెట్టుకుని రెండుసార్లు తట్టింది. "బుయీ."

"బుయీ," అన్నాడు అతను, బడిపిల్లాడిలా. ఆ రోజు నుంచి ట్యాంకుల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఎండ ముదిరింది. క్యాంపులో మంచాల కింద సామాను అంతా తీసేస్తారని, గురువారం పొద్దున బట్టను రెండు అట్టల మధ్య పెట్టి నా చేతికిచ్చింది. మర్నాడు అద్దకం. వ్యాను తలుపు పట్టుకుని నా కళ్లలోకి చూసింది. "సీదా ఇల్లు. స్టాప్ మాఫీ."

"తలమీద పెట్టుకుని పోతాలేమ్మా," అన్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దారిలో ట్రాఫిక్ అని చెప్పాను. ట్రాఫిక్ లేదు. ఫర్వానియాలో మన టీకొట్టు ముందు సత్తిబాబు కనిపించాడు, నలుగురితో. రేపు అద్దకం మరి. ఆ మాట చెప్పకుండా ఆ నలుగుర్నీ ఎలా దాటిపోను? వ్యాను ఎండలో ఆపి, ఒక్క టీ తాగాను. ఐదు నిమిషాలు. అట్టలు ముందు సీటులో, అద్దం కింద ఉన్నాయి.

శుక్రవారం మిద్దె మీద ఆమె అట్ట ఎత్తింది. మూడు మూలలు బాగున్నాయి. నాలుగో మూల చేప లేదు. జానెడు మేర మైనం నూనెమరకలా పాకి, గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"ట్రాఫిక్," అన్నాను. "రెడ్ సిగ్నల్."

ఆమె నన్ను చూడలేదు. మరక మీద అరచెయ్యి ఉంచింది, జ్వరం చూసినట్టు. ఎంతసేపు ఉంచిందో నాకు తెలియదు. ఆమె తిట్టి ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, ఆ విద్య నాకు వచ్చు. తిట్టలేదు. లేచి నిలబడి, "ఇస్త్రీ," అంది. ఇస్త్రీపెట్టె తెచ్చాను. పాత పేపర్లు వేసి, ఆ మూల ఒక్కటే రుద్ది, పాకిన మైనాన్ని కాగితాలకు తాగించింది. మూల తెల్లగా, బోసిగా మిగిలింది.

అక్కడితో వదిలేస్తుందనుకున్నాను. అంతకుముందు ఒకసారి, నువ్వూ ఒకటి గీయరాదా అంటే, చెయ్యి అడ్డంగా ఊపిన మనిషి. గీత అమ్మది, తనది కాదని. ఇప్పుడు సత్తిబాబు వైపు తిరిగి, "కాపర్," అంది. వాడు ఏసీ పైపు ముక్క తెచ్చి సుత్తితో చదును చేశాడు. దాన్ని రెండు చిన్న రేకులుగా కత్తిరించి, మధ్య సందు ఉండేలా పుల్లకు కట్టింది. మైనం కావాలి. నేను గదిలోకి పరుగెత్తి ఫ్రిజ్ మీది కొవ్వొత్తి తెచ్చాను. స్టీలు గ్లాసులో కరిగించి, రేకు ముంచి, గోడకు ఆనుకుని, బట్టను మోకాళ్ల మీద పరుచుకుంది. మొదటి గీత వంకర పోయింది. చుక్క పడింది. రెండో గీత కూడా వంకరే. మేం దగ్గరికి పోతే భుజంతో కప్పేసుకుంది. వాచ్‌మన్ తన తువ్వాలు విప్పి ఎండకు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. మిద్దె మీద నలుగురు మనుషులం, ఒక్క మాట లేదు. తొట్టి అలగకూడదు గదా.

ఎండ మిద్దె సగానికి రాకముందే బట్ట తొట్టిలో దిగింది. ఏడుసార్లు ముంచింది, ఏడుసార్లు ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ పచ్చగా వచ్చి, గాలిలో నీలమై, ముందటిసారి కన్నా చిక్కనై. ఆమె మోచేతుల దాకా నీలం. ఏడోసారి ఎత్తి తాడు మీద ఆరేసి, సూర్యుడి వైపు తిరిగి ఏదో అంది. అర్థం కాకపోయినా అది మంచిమాట కాదని తెలిసింది. నువ్వు ఆలస్యమయ్యావురా అన్నట్టుంది. క్యాంపు బస్సు టైముకు చేతులు తుడుచుకోకుండానే దిగిపోయింది.

మరుసటి శుక్రవారం మా సంగటి వండే పెద్దగిన్నెలో నీళ్లు మరగపెట్టి బట్టను వేశాం. మైనం తేలి పైకి వచ్చింది. ఆమె కర్రతో ఎత్తి, చన్నీళ్లలో జాడించి, రెండు చివర్లూ నాకూ సత్తిబాబుకూ ఇచ్చి, విప్పమంది.

ముదురు నీలం మీద తెల్లటి సుడులు, చిగుళ్లు, మూడు మూలల్లో వాళ్లమ్మ చేపలు. ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టున్నాయి. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. నా చేతిలో ఉన్నది నాలుగో మూల. కొవ్వొత్తి మైనం పెళుసు గదా, పగుళ్లలోకి నీలం దూరి సన్నటి నరాల్లా పాకింది. ఆ నరాల మధ్య చేపే అనుకుని చూశాను. చేప ఉంది, కాస్త వంకరగా, కాస్త లావుగా. దాని నోటి ముందు మరేదో ఉంది. కింద సన్నంగా, పైన వెడల్పుగా, పైన మూడు వంకరగీతలు, ఆవిరిలా.

గ్లాసు. టీగ్లాసు.

నాకు చెవులు వేడెక్కాయి. ఒక్క గ్లాసు కాదు. రెండు.

పైన ఒక్క టీ అని రాశాను గదా. రెండు తాగాను. ఐదు నిమిషాలు కాదు, అరగంట పైనే. మా తాత తొట్ల కథ ఆ నలుగురికీ మొదటినుంచీ చెప్పాను.

సత్తిబాబు వైపు చూశాను. వాడు ట్యాంకుల వైపు చూస్తున్నాడు. "నేనేం అన్లేదండి బాబాయ్ గారూ. మీరు కొవ్వొత్తికెళ్లినప్పుడు, బండెక్కడాగిందని సైగ చేసిందండి. గ్లాసెత్తినట్టు పట్టి, రెండు వేళ్లు చూపించానండి అంతే, ఆయ్."

ఆమె నా దగ్గరికి వచ్చింది. బొటనవేలితో తల్లి చేపను ఒకసారి, తన చేపను ఒకసారి, ఆ రెండు గ్లాసులను ఒకసారి మెల్లగా నొక్కి చూసింది, ఇంకా ఏదైనా కరుగుతుందేమో అన్నట్టు. ఏదీ కరగలేదు. తల ఎత్తి నన్ను అడిగింది.

"బాబా. చాయ్ జేన్?"

"జేన్, చెల్లెమ్మా," అన్నాను. ఆమెతో నేను చెప్పిన మొదటి నిజం అదేననుకుంటా.